చందుర్తి గుండూ, మా అత్తయ్య గుండిగా

తాలూకా కోర్టులో నన్ను వెనకాల "ఫిరంగి ప్లీడరు" అనేవారు. ఎదురుగా అనే ధైర్యం మా పెద్ద ప్లీడరుగారికి తప్ప ఎవరికీ లేదు. ఆయన నాకంటే ముందు ప్లీడరీ సన్నదు పుచ్చుకున్నవాడు, నాకంటే ఎక్కువ కేసులున్నవాడు, పైగా నవ్వితే కోర్టు వరండా అంతా వినిపించే గొంతు గలవాడు. "ఏమండీ ఫిరంగిగారూ, ఇవాళ ఏ సేనాపతిని చంపి వచ్చారు?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆయన్ని తిట్టేవాణ్ణి కాదు. తిట్టినరోజున నా కేసు వాయిదా పడేది.

ఆ పేరు రావడానికి కారణం ఒక ఇనపగుండు. పిఠాపురం వైపు నుంచి వచ్చిన ఒక రైతు కేసు నేను గెలిపించాను. వాడు సంతోషం పట్టలేక బండిలో ఆ గుండు వేసుకొచ్చి మా అరుగుమీద దింపాడు. "చందుర్తి యుద్ధంలోదండి బాబూ. పొలం దున్నుతుంటే నాగలికి తగిలిందండి" అన్నాడు. ఆ చందుర్తి దగ్గరే ఎప్పుడో మా ముత్తాతలనాడు ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కొట్టుకున్నారు. మా తాతగారు ఆ యుద్ధం గురించి చెబితే తుపాకి మందు వాసన వచ్చినట్టే ఉండేది. అటువంటిది, ఆ యుద్ధంలో ఎగిరిన గుండు మా అరుగుమీద కూర్చుంది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు సరిగా పట్టలేదు.

ఇక మొదలైంది పిచ్చి. కత్తులు, గుండీలు, తుపాకి గొట్టాలు, బూట్లకి కొట్టే ఇనప లాడాలు, ఏది దొరికితే అది. వసారాలో రెండు బల్లలు చేయించి వాటిమీద పేర్పించాను. ఊరికే కొనేవాణ్ణి కాదు, నిజమైనదో కాదో తేల్చుకునేవాణ్ణి. తెచ్చినవాణ్ణి నిలబెట్టి, బోనులో సాక్షిని అడిగినట్టు అడిగేవాణ్ణి. ఎక్కడ దొరికింది, ఎవరు చూశారు, అప్పుడు వాన కురుస్తోందా, కురిస్తే గొడుగు ఎవరిది. కోర్టులో నా ప్రశ్నలకి తట్టుకున్న అబద్ధపు సాక్షి లేడు. వసారాలో మాత్రం వచ్చినవాడల్లా తట్టుకుని నిలబడ్డాడు. అప్పట్లో అది వాళ్ళ నిజాయితీ అనుకున్నాను.

వాళ్ళందరిలోకీ ఘనుడు యానాం వ్యాపారి. కాలవ పడవలో వచ్చి మా రేవులో దిగేవాడు. వాడి సంచిలో ఒక పక్క ఫ్రెంచి సారా సీసాలు, రెండో పక్క ఫ్రెంచి యుద్ధం ఉండేవి. మొదటి పక్క సరుకుతో నాకు పని లేదు. ఒకసారి కత్తి తెచ్చాడు.

"ఇది ఎవరిది?" అన్నాను.

"ఫ్రెంచి సేనాపతిగారిదండి."

"నీకెలా తెలుసు?"

"ఆయ్, పిడి చూడండి, ఎలా అరిగిపోయిందో. సేనాపతిగారు కాకపోతే అంత గట్టిగా ఎవరు పట్టుకుంటారండి?"

నేను పిడి చూశాను. నిజంగానే అరిగింది. ఇంకేం సాక్ష్యం కావాలి? తీసుకున్నాను.

అయినా నాకు ఒక కొరత ఉండేది. నా దగ్గర ఒక ఇంగ్లీషు చరిత్ర పుస్తకం ఉంది. అందులో ఫ్రెంచి రాజుగారి ముద్ర బొమ్మ వేశారు. మూడు రేకుల పువ్వు, నడిమి రేకు నిటారుగా, పక్క రేకులు చెరోవైపుకీ వంగి, కింద అడ్డంగా ఒక పట్టీ. ఆ కాలపు ఫ్రెంచి సైన్యం సామాను మీద ఆ పువ్వు ఉంటుందట. ఆ పువ్వు ఉన్న వస్తువు ఒక్కటి దొరికి, తెలిసినవాడు ఒకడు చూసి "అసలుదే" అన్నాడంటే నా జన్మ తరించినట్టే. ఆ ఒక్క మాట పెద్ద ప్లీడరుగారి చెవిన పడాలి. నాకు కావలసింది అంతే. యానాం వ్యాపారికి ఆ బొమ్మ ఎన్నిసార్లు చూపించానో. "చిత్తమండి, వెతుకుతానండి" అనేవాడు కానీ తేలేదు. ఆ వంపులు కొట్టగల కమ్మరి వాడికి దొరకలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇదంతా ఒక ఎత్తు, మా అత్తయ్య ఒక ఎత్తు.

అత్తయ్య మా నాన్నగారి అక్క. కాపరానికి వెళ్ళిన ఏడాదికే బొట్టు పోగొట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. పసివాణ్ణిగా ఉన్నప్పుడే మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. వంటిల్లు ఆవిడ రాజ్యం. ఆవిడ మడి కట్టుకున్నాక ఆ గడప దాటడానికి మా ఇంటావిడకే అనుమతి లేదు, నా సంగతి చెప్పేదేముంది. ఆవిడకి ఒక శాస్త్రం ఉంది. ఇనుమైతే నిప్పులో పెట్టి తీయాలి, రాగీ ఇత్తడీ అయితే చింతపండు పెట్టి తోమాలి. అప్పుడుగాని బయటి వస్తువు ఇంట్లోకి రాకూడదు.

నేను తెచ్చినవన్నీ బయటి వస్తువులే కదా! పైగా యుద్ధంలోవి. "ఏ చచ్చినవాడి ఒంటిమీంచి వచ్చిందో, ఏం తిన్న చేత్తో ముట్టుకున్నాడో" అని ఆవిడ బెంగ. ఒకరోజు నేను కోర్టునుంచి వచ్చేసరికి ఇత్తడి గుండీలన్నీ పెళ్ళివారి సామానులా మెరిసిపోతున్నాయి. గుండు నిప్పుల్లోంచి అప్పుడే లేచి వచ్చి, పెరట్లో చెట్టు మొదట్లో పొగలు కక్కుతోంది.

"అత్తయ్యా!" అని అరిచాను. "ఆ చిలుం చూసే కదా పాతదో కొత్తదో తెలిసేది! అది పట్టడానికి నూరేళ్ళ పైన పట్టింది!"

"అవునా? వదలడానికి అరపూట పట్టిందిరా" అంది. "చేతులు పడిపోయేయి."

"మళ్ళీ ముట్టుకోకు."

"నువ్వు మళ్ళీ తేకు."

ఇద్దరం మాట నిలబెట్టుకోలేదు. నేను తెస్తూనే ఉన్నాను, ఆవిడ తోముతూనే ఉంది. నా సాక్షులెవరినీ ఆవిడ నమ్మేది కాదు. యానాం వ్యాపారి గొంతు వినిపించిందంటే వంటింట్లోంచి, "ఒరే, వాడి మొహం చూస్తే నీకు తెలియట్లేదూ?" అనేది. నాకు తెలిసేది కాదు.

ఆవిడకి సొంతమని చెప్పుకోడానికి ఉన్నది ఒకే ఒక్క వస్తువు, రాగి గుండిగ. అత్తవారింటినుంచి ఆవిడతో వచ్చింది అదొక్కటే. వాళ్ళది పిఠాపురం దగ్గరి పల్లె. దొడ్లో నుయ్యి తవ్విస్తుంటే మట్టిలోంచి గుండిగ బయటపడిందట. దానిమీద శ్రీవారి నామం ఉందట. స్వామే పంపించాడని మావగారు కళ్ళకద్దుకుని, కోడలు కాపరానికి రాగానే ఆవిడ చేతిలో పెట్టాడు. తరవాత ఆ కోడలికి అక్కడ ఏమీ మిగల్లేదు. గుండిగ మాత్రం ఇచ్చి పంపేరు.

ప్రతి ఏకాదశికీ ఉపవాసం ఉండి, ద్వాదశి పొద్దున్నే ఆ గుండిగలో పరమాన్నం వండి స్వామికి నివేదన చేసేది. నామానికి గంధం పెట్టి, నడుమ కుంకం దిద్దేది. చిన్నప్పుడు నాకు పొద్దున్నే లేవగానే ఆ గుండిగకి దణ్ణం పెట్టడం అలవాటు చేసింది. పెద్దవాణ్ణయ్యాక, కోర్టులో అర్జీ ఉన్న రోజున, దూరంనుంచే అయినా ఒక దణ్ణం పడేసేవాణ్ణి. ఒక్కోసారి పనిచేసేది కూడా.

ఇలా ఉండగా రాజమహేంద్రవరంలో ఒక దొర దిగాడని తెలిసింది. పటాలంలో ఉద్యోగం చేసి విరమించినవాడట. పాత యుద్ధాల సామాను చూసి ఏది అసలో ఏది నకిలీయో చెప్పగలడట. అసలువి చెన్నపట్నం తీసుకెళ్ళి, అద్దాల బీరువాలో పెట్టించి, పక్కన ఇచ్చినవాడి పేరు అచ్చువేయిస్తాడట. నేను వెంటనే ఆయనకి నా ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి ఉత్తరం రాశాను. చలికాలంలో కాలవమీద వస్తానని జవాబొచ్చింది. పెద్ద ప్లీడరుగారికి కబురు నేను చెప్పలేదు. ఆయనకి తెలిసేటట్టు మాత్రం నలుగురికి చెప్పాను.

దొర వచ్చిన రోజు ఏకాదశి. మా ఇంటావిడ పుట్టింట్లో ఉంది. నేను తెల్లారకుండా లేచి దీపం పట్టుకుని వసారాలోకి వెళితే గుండె ఆగిపోయింది. కత్తి మెరుస్తోంది. గుండీలు మెరుస్తున్నాయి. తుపాకి గొట్టంలో నా మొహం నాకు కనిపించింది.

"అత్తయ్యా, ఏంటిది?"

"దొర వస్తున్నాడన్నావు కదరా. సామాను మాసిపోయి ఉంటే అప్రతిష్ఠ ఎవరికి? నాకే కదా" అంది. కటిక ఉపవాసంలో, ఆ చలిలో, నాకోసం కూర్చుని తోమింది. ఏమని తిట్టను?

దొర ఎర్రగా, పొడుగ్గా, మంచి మర్యాదగా ఉన్నాడు. తెలుగు ఆయనకి "మంచిది" వరకు వచ్చు. కుర్చీలో కూర్చోకుండానే బల్లల దగ్గరికి వెళ్ళాడు. నేను ఒక్కో వస్తువు ముందూ నిలబడి ఇంగ్లీషులో వాదన మొదలుపెట్టాను. గుండు దగ్గర నా వాదన పూర్తయ్యేదాకా ఓపిగ్గా విని, దాన్ని దొర్లించి, అడుగున ఉన్న కొక్కెం చూపించాడు.

"ఇది కాలవ లాకు తలుపుకి వేలాడదీసే బరువు. దీని జత మీ ఊరి లాకు దగ్గర ఇంకా వేలాడుతోంది. వస్తూ చూశాను" అన్నాడు.

నేను రోజూ ఆ లాకు దాటే కోర్టుకి వెళతాను.

కత్తి ఎత్తి బొటనవేలితో అంచు తడిమాడు. "దీనికి పదును లేదు. ఎప్పుడూ లేదు. ఇది వేషాలు వేసేవాళ్ళది" అన్నాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, మా ఊళ్ళో భాగవతులు ఆడినప్పుడు రాజు వేషగాడు అలాంటిదే పట్టుకుని గెంతాడు. పిడి ఎందుకు అరిగిందో తెలిసిపోయింది. గుండీలు పోలీసు కోటువి. తుపాకి గొట్టం తుపాకిదే కాదు, పొలానికి నీళ్ళు పెట్టే గొట్టం. నేను ప్రతిదానికీ వాదించాను. సాక్షుల పేర్లు చెప్పాను, వాన గురించీ గొడుగు గురించీ చెప్పాను. దొర తల పంకించి పక్కదానికి వెళ్ళేవాడు. బల్లలు అయిపోయాయి. "అసలుది" అన్న మాట ఆయన నోట రాలేదు.

చేతులు కడుక్కోడానికి నీళ్ళడిగాడు. పెరట్లోకి తీసుకెళ్ళాను. అక్కడ నూతి గట్టుమీద, మర్నాటి ద్వాదశికని తోమి బోర్లించిన గుండిగ ఎండలో ఆరుతోంది. గంధం లేదు, కుంకం లేదు, నామం ఒక్కటే ఉంది. దొర నీళ్ళ సంగతి మరిచిపోయాడు. ఒక్క అంగలో గట్టు దగ్గరికి వెళ్ళాడు.

"ముట్టుకోకండి!" అని అరిచాను.

మంచివాడు, ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గుండిగ చుట్టూ ప్రదక్షిణం చేశాడు. వంగి చూశాడు, గొంతుకూర్చుని చూశాడు, చివరికి తన టోపీ తీసి కిందపెట్టి నేలమీద మోకరిల్లి చూశాడు. వంటింటి తలుపు సందులోంచి అత్తయ్య మురిసిపోతోంది. దొర అంతటివాడు స్వామి నామానికి మోకరిల్లాడని ఆవిడ సంతోషం.

"ప్లీడరుగారూ!" అన్నాడు దొర. "ఇది ఫ్రెంచి రాజుగారి పువ్వు. తోమి తోమి వంపులు అరిగిపోయాయి కానీ కింద పట్టీ చూడండి. ఇది సిపాయిలు దండులో వంట చేసుకునే పాత్ర. అచ్చంగా ఆ కాలానిది. అసలుది!"

నేను చూశాను. నడిమి రేకు నిటారుగా, పక్క రేకులు చెరోవైపుకీ, కింద పట్టీ. ఎన్ని ఏళ్ళు పుస్తకంలో బొమ్మ పెట్టుకుని ఊళ్ళన్నీ వెతికానో, ఆ పువ్వుకే చిన్నప్పటినుంచీ దణ్ణం పెడుతున్నాను. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నిజంగానే ఒక కాలు లేచింది.

దొర ఇంకా చెబుతున్నాడు. "ఒక్కో పాత్ర చుట్టూ ఒక గుంపు కూర్చుని తినేది. ఎన్ని ఎద్దులు ఉడికాయో ఇందులో! ఎన్ని పందులు!"

లేచిన కాలు దిగిపోయింది.

తలుపు సందులోంచి అత్తయ్య, "ఏవిట్రా, ఏవంటున్నాడు?" అంది.

"చాలా పాత గుండిగ అంటున్నాడు."

"అది నాకూ తెలుసు. నామం గురించి ఏవన్నాడు?"

"నామమే అన్నాడత్తయ్యా. చాలా గొప్ప నామం అన్నాడు."

దొరకి పాపం ఆవిడ కుతూహలం చూసి ముచ్చటేసింది. తనే చెప్పాలనుకున్నాడు. గుండిగ వేపు చూపించి, తలకి రెండు పక్కలా రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి, ఆ తరవాత చేత్తో నోట్లో పెట్టుకున్నట్టు అభినయించాడు. "మంచిది, మంచిది" అన్నాడు కూడా.

అత్తయ్య మొహం తలుపు సందులో కనిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది. "కొమ్ములేవిట్రా?"

"ఆవుపాలత్తయ్యా. పూర్వం ఇందులో ఆవుపాలు కాచుకుని తాగేవారట."

దొర నావైపు తిరిగి, ఇది చెన్నపట్నం పంపుదామన్నాడు, నా పేరు పెద్ద అక్షరాలతో వేయిస్తానన్నాడు. ఆ మాటకోసమే కదా ఇన్నాళ్ళు నవ్వులపాలయ్యాను. కానీ పేరు అచ్చయిన రోజున దాని కింద ఇది ఏం ఉడికిన పాత్రో కూడా అచ్చవుతుంది. ఆ కబురు చెన్నపట్నంనుంచి మా కోర్టు వరండాకీ, అక్కడినుంచి మా వీధికీ రావడం ఎంతసేపు? స్వామి పంపించాడని నమ్మి, ఉపవాసాలుండి, ఉన్న ఒక్క వస్తువులో ఇన్నేళ్ళు నైవేద్యం వండిన మనిషి ఏమైపోవాలి?

అప్పుడు నేను వాదించాను. అటువంటి వాదన నేను కోర్టులో ఏనాడూ చేయలేదు. అది మా ఊరి కంచరి చేసిన గుండిగ అన్నాను. చేస్తుంటే పక్కన కూర్చుని చూశానన్నాను. ఆ పువ్వు వాడి ఇంటి గుర్తు, ఊళ్ళో ఇంటింటా అటువంటివి ఉన్నాయన్నాను.

"ఒక్కటి చూపించండి" అన్నాడు దొర.

"అన్నీ పెళ్ళిళ్ళకి అరువు వెళ్ళాయండి."

"ఆ కంచరిని పిలిపించండి."

"వాడూ పెళ్ళికే వెళ్ళాడండి."

దొర నా మొహం చూశాడు. తరవాత వంటింటి తలుపువైపు చూశాడు. టోపీ తీసుకుని దులుపుకున్నాడు.

"పొద్దుటినుంచీ అబద్ధపు వస్తువులకోసం చాలా బాగా వాదించారు. నిజమైనదానికి వ్యతిరేకంగా ఇంకా బాగా వాదించారు" అన్నాడు. తలుపుకేసి తల వంచి నమస్కారంలాంటిది చేసి, రేవుకి వెళ్ళిపోయాడు. చేతులు కడుక్కోనే లేదు.

సాయంత్రం పెద్ద ప్లీడరుగారు షికారుకి మా వీధే వచ్చారు. మామూలుగా ఆయన షికారు ఏటిగట్టుమీద. మా అరుగుముందు ఆగి, కర్ర ఆనించుకుని, వీధంతా వినిపించేటట్టు, "ఏమండీ, ఒక్కటీ అసలుది లేదన్నాడటగా?" అన్నారు.

"లేదండి" అన్నాను.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదండి."

ఆయన నవ్వు మలుపు తిరిగేదాకా వినిపించింది. పెరట్లో ఉంది, వెళ్ళి చూడండి అని అరవాలనిపించింది. తమలపాకులు ముందేసుకుని కూర్చున్నాను.

మర్నాడు ద్వాదశి. స్నానంచేసి వచ్చేసరికి వంటింట్లోంచి పరమాన్నం వాసన. గడప ఇవతల నా పీట వేసి ఉంది. పొయ్యిమీద అదే గుండిగ. గంధం పెట్టి ఉంది, నడుమ కుంకం దిద్ది ఉంది. అత్తయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అనుకుందామంటే కట్టెలు ఎండువే.

"నిన్న ఆ పెద్ద ప్లీడరుతో ఒక్కటీ లేదన్నావు" అంది.

"లేవు కదత్తయ్యా."

"వీధిలో అందరూ వినేటట్టు నవ్వేడు."

"నవ్వనీ."

ఆవిడ విస్తరి కడిగి నా ముందు వేసింది. "రాగికి చింతపండే శుద్ధిరా. కాపరానికి వెళ్ళిన దగ్గర్నుంచీ తోముతున్నాను. అందులో ఎవడేం వండుకున్నా ఈపాటికి వదిలిపోయుంటుంది."

"ఆవుపాలే అన్నాడత్తయ్యా" అన్నాను. నా గొంతు నాకే నమ్మేటట్టు లేదు. ఏడుపొచ్చింది, తల వంచుకున్నాను.

"అన్నాడు, అన్నాడు" అంది పరమాన్నం వడ్డిస్తూ. "నీ ఇనప సామానుకి నువ్వు తెచ్చిన సాక్షుల్లో ఒక్కణ్ణీ నేను నమ్మలేదు. దీనికి సాక్షివి నువ్వే కదా, నమ్మేను. తిను, చల్లారిపోతోంది."